పడుకున్న చెట్టు ఎక్కే విధానం

కొబ్బరిచెట్టు నిలువుగా పెరగడం నా తప్పు. విచారణలో తేలిపోయింది. నేను అప్పీలు చేసుకోలేదు.

నా పేరు గుబ్బల నూకరాజు. గోదావరి పాయల మధ్య మా లంకలో ప్రభుత్వం వారి కొబ్బరి దింపు శిక్షణ కేంద్రం ఉంది. చెట్టెక్కి కాయలు దింపడం అక్కడ నేర్పుతారు. నేర్పేవాణ్ణి నేనే. ఊరి బడిలో కొంత చదివాను, మిగతాది చెట్టు మీద చదివాను. పాదాలకు తాడు బందం వేసుకో. ఛాతీ మానుకు ఆనించు. ముందు చేతులు, తర్వాత కాళ్ళు. కిందికి చూడకు. నా పాఠం మొత్తం ఇదే. మా నాన్న నాకు ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పాడు. వ్యాఖ్యానం బెత్తంతో చేశాడు.

కేంద్రం ప్రహరీ పక్కనే నా ఇల్లు. పెరట్లో ఒక్కటే కొబ్బరిచెట్టు. నా భార్య వీరవేణి పెట్టింది. నూతికి అంత దగ్గరగా వద్దన్నాను. అక్కడే పెట్టింది. చెట్టు ఎదిగి వేళ్ళు నూతి ఒరల్లోకి దూరాయి. "చూశావా?" అన్నాను. "నీళ్ళు తీపెక్కలేదా?" అంది. ఆ గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. తేలకుండానే ఆవిడ పోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఆ చెట్టు కొట్టేస్తే నేను గెలిచినట్టవుతుంది. అలా గెలవడం నాకిష్టం లేదు. కాబట్టి ఆ చెట్టు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ప్రభుత్వ శిక్షణ కేంద్రాల్లో ఏ విద్య అయినా వీడియో ద్వారానే బోధించాలట. వీడియోలో ఎలా బోధించాలో బోధకులు ముందు నేర్చుకోవాలట. నేర్చుకోనివాళ్ళు బోధకులు కారట.

జిల్లా కేంద్రంలో చల్లటి హాల్లో కూర్చోబెట్టారు. కుట్టుపని నేర్పే ఆవిడ, క్షవరం నేర్పే ఆయన, మోటార్ల మేస్త్రి వచ్చారు. నా పక్కన మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన పరశురాముడు కూర్చున్నాడు. నూతులు తవ్వడం నేర్పుతాడు. మాకు నేర్పడానికి కౌండిన్య అనే కుర్ర నిపుణుణ్ణి పిలిపించారు. మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచించుకుంటున్న వయసు.

"గురునేత్ర అని ఒక సాఫ్ట్‌వేర్ ఉందండీ," అన్నాడు. "దానికి మీరంటే ప్రాణం. మిమ్మల్ని చూడకుండా క్షణం ఉండలేదు. మీ ముఖం తెరలో మూడోవంతు ఉండాలి. తగ్గిందంటే అది మిమ్మల్ని గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే మీరు లేనట్టే. ఫోన్ స్టాండుకి బిగించాలి. కదపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్ అడ్డంగా పెట్టాలి."

నేను లేచాను. "నాది కొబ్బరిచెట్టు బాబూ."

"చాలా సంతోషం అండీ."

"అది నిలువుగా ఉంటుంది."

కుర్రాడు ఆలోచించాడు. "ఎప్పుడూనా అండీ?"

"గాలివాన వచ్చేదాకా."

"పోనీ మీరు..." అని ఆగిపోయాడు.

"ఫోన్ నిలువుగా పెడితే సరిపోతుంది కదా?" అన్నాను.

వేదిక మీద కూర్చున్న ఉపసంచాలకులు చిదంబరరావు గారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"నిలువు వీడియో వినోదం. అడ్డ వీడియో విద్య. ఈ రెంటి మధ్య ఉన్న పవిత్రమైన సరిహద్దును చెరిపివేయడం వల్లనే సమాజం ఈ దుస్థితిలో ఉన్నది. బోధకుడు తన విషయాన్ని మాధ్యమానికి అనుగుణంగా పునర్వ్యవస్థీకరించుకోవలెను గాని, మాధ్యమాన్ని తన విషయానికి అనుగుణంగా తిప్పరాదు."

చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు క్షవరం ఆయన కొట్టాడు. ఆయనకేం, తలకాయ ఎటు పెట్టినా తెరలో పడుతుంది.

పరశురాముడు లేచి నిలబడ్డాడు. "అయ్యా, నాది నుయ్యండి. నేను కిందకి పోతానండి."

"అడ్డంగా తవ్వండి," అన్నారు చిదంబరరావు గారు.

పరశురాముడు కూర్చుని నా చెవిలో అడిగాడు. "ఏవంటారు మాస్టారూ, అడ్డంగా తవ్వితే నీళ్ళు పడతాయంటారా?"

"పడతాయి, పక్కూళ్ళో," అన్నాను.

సాయంత్రం పరీక్ష పెట్టారు. గురునేత్ర ముందు నిలబడి నవ్వాలి. నేను నవ్వాను. 'బోధకునికి నొప్పిగా ఉన్నది' అని తెర మీద వచ్చింది.

"ఏదైనా సంతోషకరమైన సంగతి గుర్తుచేసుకోండి మాస్టారూ," అన్నాడు కౌండిన్య.

"నా దగ్గర లేవు."

చివరికి పరశురాముడు నా పక్కన నిలబడి నవ్వాడు. ఇద్దరినీ కలిపి పాస్ చేశారు.

కేంద్రానికి వచ్చి పాఠం మొదలుపెట్టాను. ఆ ఏడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు భూలక్ష్మి. నాలుక పదును, కాళ్ళు ఇంకా పదును. చదువైపోతే లంకలోని తోటలన్నీ తనే దింపుతానని అప్పుడే చెప్పుకుంటోంది. రెండోవాడు ఏడుకొండలు. ఒళ్ళు కదపడం గిట్టదు. వాళ్ళ మావయ్య ఇంట్లోంచి గెంటితే ఇక్కడ పడ్డాడు.

ఫోన్ అడ్డంగా బిగించి భూలక్ష్మిని కాపలా పెట్టి చెట్టెక్కాను. కాస్త పైకి వెళ్ళేసరికి ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు అందుకుంది. "బోధకులు కనబడుట లేదు. దయచేసి బోధకులు రావలెను."

"మాస్టారూ, మీ తలకాయ పోయిందండి!" అరిచింది భూలక్ష్మి. "నడుం ఉందండి. ఆయ్, అదీ పోయిందండి. ఇప్పుడు పాదాలేనండి. దణ్ణం పెట్టుకోమంటారా?"

"ఇప్పుడేముంది?"

"ఒట్టి మానుందండి. బాగా చెప్తందండి పాఠం."

స్టాండు వెనక్కి జరిపించాను. గట్టు దాటి, అవతలి చేలోకి వెళితే చెట్టంతా తెరలోకి వచ్చింది. నేను చీమంత అయ్యాను. గురునేత్ర చీమలను బోధకులుగా గుర్తించదు. ఆ వారమంతా నేను చెట్టు మీదే ఉన్నాను. వారమంతా గైరుహాజరు పడింది.

సంజాయిషీ అడిగారు. 'మీరు విధులకు హాజరై చెట్టుపైన ఉండి కూడా గైరుహాజరు కావడానికి గల కారణమేమి?' అని. 'చెట్టు నిలువుగా ఉన్నందున' అని రాశాను. నేరం ఒప్పుకున్నానని తీసుకున్నారు. విచారణకు చిదంబరరావు గారే స్వయంగా వచ్చారు.

చెట్టు చుట్టూ తిరిగారు. తల పైకెత్తి చూశారు. కళ్ళజోడు కింద పడింది. తీసి తుడుచుకున్నారు.

"నూకరాజు గారూ, ఇది ఇంత పొడుగు అవసరమా?"

"నేను పెంచలేదండి. ఇచ్చిన చెట్టు."

అప్పుడు ఆయన చూపు షెడ్డు వెనక్కి పోయింది. కిందటి గాలివానకు కూలిన చెట్టొకటి అక్కడ ఉంది.

"అదేమిటి?"

"పడిపోయిన చెట్టండి."

"పడిపోయినది అనకండి. అది ప్రతికూల దృక్పథం," అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "మాధ్యమానికి అనుగుణంగా ఉన్నది అనండి."

దాన్ని దొర్లించుకొచ్చి నడిమధ్యన పెట్టించారు. నేను కాళ్ళకు బందం వేసుకుని దాని మీద బోర్లా పడుకున్నాను. పాకితే ముఖం తెర దాటిపోతోంది. కాబట్టి ఒకేచోట ఉండి ఎక్కాను. చేతులు ఆడించాను, కాళ్ళు ఆడించాను, ఎక్కడికీ పోలేదు. గురునేత్ర నూటికి నూరు వేసింది. 'బోధకునికి నొప్పి తగ్గినది' అని కూడా రాసింది.

రాష్ట్రం మొత్తానికి ఆ వీడియో నమూనా పాఠం అయింది. దాని పేరు 'కొబ్బరిచెట్టు ఎక్కే ఆధునిక విధానం'.

కౌండిన్య ఫోన్ చేశాడు. "మాస్టారూ, కంగ్రాట్స్! చెట్టు చాలా సహకరించింది."

అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత ఏకరూపత వచ్చింది. వీడియోలో ఉన్నదానికీ కేంద్రంలో ఉన్నదానికీ తేడా ఉండరాదని, తేడా ఉంటే అభ్యాసకులు అయోమయంలో పడతారని చిదంబరరావు గారు కనిపెట్టారు. కేంద్రంలో నిలబడి ఉన్న చెట్లన్నీ అయోమయం కలిగిస్తున్నాయి. నరికించి వరసగా పడుకోబెట్టారు.

నేను అడ్డం వెళ్ళాను. ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంతకుముందు ఇక్కడ చెట్టు మీదినుంచి పడినవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారండి. చెయ్యి విరిగినవాడున్నాడు."

"ఇకమీదట పడతారా?"

"పడటానికి చోటేదండి?"

"దాన్నే ప్రగతి అంటారు," అన్నారు.

ఆ ఏడు మా కేంద్రానికి భద్రతా పురస్కారం వచ్చింది.

పాఠాలు జోరుగా సాగాయి. కూలిన చెట్లకు కాయలుండవు కనుక సంతలో గెలలు కొనితెచ్చి పురికొసతో మట్టలు మొలిచే మొవ్వు దగ్గర కట్టేవాళ్ళం. అభ్యాసకుడు చెట్టు మీద పడుకుని, చెయ్యి చాచి, కొస కోసి, కాయలు పక్కన పెట్టి, లేచి వెళ్ళి మజ్జిగ తాగేవాడు. ఏడుకొండలు లేచి వెళ్ళడం కూడా మానేశాడు. కాళ్ళకు బందం వేసుకుని, ముఖం కెమెరా వైపు పెట్టి నిద్రపోయేవాడు. 'అచంచలమైన ఏకాగ్రత' అని గురునేత్ర వాడికి మొదటి స్థానం ఇచ్చింది. వాళ్ళ మావయ్య మిఠాయి పంచాడు.

పరశురాముడి సంగతి కూడా ఆరోజుల్లోనే తెలిసింది. ఫోన్‌లో గుసగుసగా మాట్లాడాడు. "మాస్టారూ, అడ్డంగా తవ్వుకుంటా వచ్చేసేనండి. తాసిల్దారు ఆఫీసు కిందున్నాను. పైన కుర్చీలు జరుపుతున్నారు, ఇనబడతందండి."

"నీళ్ళు పడ్డాయా?"

"టీ పడిందండి. పైనుంచి. మార్కులు మాత్రం బాగా వచ్చేయి."

పట్టాలు ఇచ్చి మొదటి జట్టును బయటికి పంపారు. ఏడుకొండల్ని ఒక రైతు తన తోటకు తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

ఏడుకొండలు బందం భుజాన వేసుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. కాసేపు చూశాడు. చెట్టు చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఎక్కవేంట్రా?" అన్నాడు రైతు.

"పడుకోబెట్టండి మరి."

"ఎవర్ని?"

"చెట్టునండి. ఇలా నిలబడుంటే నేనెలా ఎక్కేది? నాకు ఫస్టు వచ్చిందండి."

రైతు నా వైపు తిరిగాడు. "ఏం మాస్టారూ, ఇదేనా మీరు నేర్పింది?"

అవునన్నాను. నేర్పింది అదే.

రైతు పై వాళ్ళకు ఫిర్యాదు చేశాడు. పై వాళ్ళు కరపత్రం వేశారు. 'పట్టా పొందిన దింపు నిపుణులను ఆహ్వానించు రైతు సోదరులు తమ వృక్షములను ముందుగా సిద్ధపరచి ఉంచుకొనవలెను' అని.

ఆ మర్నాడు పొద్దున్నే భూలక్ష్మి మా పెరట్లోకి వచ్చింది. బందం విసిరి నా కాళ్ళ దగ్గర పడేసింది.

"మాస్టారండీ, ఒక్క మాట అడుగుతాను. బయట చెట్లు నిలబడే ఉంటాయా, పడుకుంటాయా?"

"నిలబడే ఉంటాయి."

"మరి నాకెందుకండీ ఈ చదువు? ఒక్కో చెట్టు దగ్గరికీ ఎల్లి, అమ్మా నీకు దణ్ణం పెడతాను, కాసేపు పడుకోవే అని బతిమాలుకోమంటారా?"

ఆమె వీరవేణి చెట్టు వైపు చూసింది. లంకలో ఆ మూలకి నిలబడి ఉన్న చెట్టు అదొక్కటే మిగిలింది.

"దీని మీద నేర్పండి," అంది.

"దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"నరకనండి. ఎక్కుతాను. రెంటికీ తేడా తెలిసినోరు మీరొక్కరే ఉన్నారు ఈ కేంద్రంలో."

నేర్పాను. ముందు చేతులు, తర్వాత కాళ్ళు. కిందికి చూడకు. రోజూ పొద్దున్నే వచ్చేది. కొద్దిరోజుల్లోనే మొవ్వు దాకా వెళ్ళి, గెల నరికి, కింద ఎవరూ లేకుండా చూసి వదిలింది. కాయలు నేల మీద పడిన చప్పుడు విని, పని దొరక్క మళ్ళీ కేంద్రంలోనే పడుంటున్న ఏడుకొండలు ప్రహరీ మీదినుంచి తొంగి చూశాడు. పిడుగు పడిందనుకున్నాడట.

వాడు చూసి ఊరుకోలేదు. తన ఫోన్‌తో, నిలువుగా పట్టుకుని, వీడియో తీశాడు. అది లంకలన్నీ తిరిగింది. ఆడమనిషి నిలబడ్డ చెట్టు ఎక్కిందని జనం ఎగబడి చూశారు. చిదంబరరావు గారి దాకా వెళ్ళింది.

నోటీసు వచ్చింది. 'మీ నివాస ప్రాంగణమందు అనధికార నిలువు కార్యకలాపములు జరుగుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. సదరు వృక్షమును బోధనానుకూల స్థితికి తెచ్చుటకు అధికారులు విచ్చేయుదురు. సహకరించవలెను.'

బోధనానుకూల స్థితి అంటే ఏమిటో నాకు తెలుసు. కేంద్రం నిండా వరసగా పడుకుని ఉంది.

వాళ్ళు వచ్చే వేళకు నేను చెట్టెక్కి మొవ్వులో మట్టల మధ్య కూర్చున్నాను. కింద చిదంబరరావు గారు, స్టాండుతో కౌండిన్య, రంపం మిషనుతో ఒక కోత మేస్త్రి నిలబడ్డారు. ప్రహరీ మీద ఊరంతా కూర్చుంది.

"నూకరాజు గారూ, దిగి రండి! మీరు ప్రభుత్వ కార్యమునకు అడ్డు తగులుతున్నారు!"

"అడ్డుగా లేనండి. నిలువుగానే ఉన్నాను."

ప్రహరీ మీదివాళ్ళు ఈలలు వేశారు. మేస్త్రి మిషను తాడు లాగబోయాడు. కౌండిన్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి ఆగండి! సార్, నరికే ముందు ఫొటో ఎక్కించాలి. చెట్టు మొత్తం పడాలి. యజమాని ముఖం కూడా పడాలి. లేకపోతే సిస్టం అనుమతి ఇవ్వదు."

"తీయవయ్యా!"

కౌండిన్య స్టాండు వేసి ఫోన్ అడ్డంగా బిగించాడు. ఆడగొంతు అందుకుంది. "వృక్షము కనబడుట లేదు. యజమాని కనబడుట లేదు."

వెనక్కి జరిగాడు. పశువుల పాక దాకా వెళ్ళాడు. "వృక్షము కనబడుట లేదు." కాలవ గట్టు దాకా వెళ్ళాడు.

"ఇంకొంచెం ఎనక్కెల్లండి బాబూ!" అరిచింది భూలక్ష్మి. "ఈత వచ్చు కదండీ?"

కౌండిన్య ఒక కాలు కాలవలో పెట్టాడు. ఇప్పుడు చెట్టంతా పడింది. "యజమాని కనబడుట లేదు," అంది ఫోన్. ముందుకు వచ్చాడు. "వృక్షము కనబడుట లేదు," అంది. అలా కాలవకూ పాకకూ మధ్య ఎండెక్కేదాకా తిరిగాడు. పైనుంచి చూస్తే కవ్వం తిప్పినట్టుంది.

"కొయ్యమంటారా, పొమ్మంటారాండి?" విసుక్కున్నాడు మేస్త్రి. "ఇంకో చోట పనుందండి నాకు."

"లేని చెట్టును ఎలా కోస్తావయ్యా?" అన్నారు చిదంబరరావు గారు.

"ఉందండి. ఇదిగో. చెయ్యెట్టి సూడండి."

"నా కంటికి కనబడుతున్నది. వ్యవస్థకు కనబడుట లేదు. వ్యవస్థకు కనబడని దాన్ని నరికితే, రేపు ఏమి నరికితిరి అని పైవారు అడుగుతారు. ఏమని చెప్పవలెను? ఏమియు లేదు, అదే నరికితిమి అని చెప్పవలెనా?"

కౌండిన్య తడిసిన బూటు విదిలిస్తూ వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "సార్! ముందు చెట్టును పడుకోబెడదాం. ఫొటో తీసి అనుమతి తీసుకుందాం. ఆ తర్వాత నరుకుదాం."

చిదంబరరావు గారు అతణ్ణి కౌగలించుకున్నారు. "ఇదీ యువతరం అంటే! మేస్త్రీ, పడుకోబెట్టు."

"పడుకోబెట్టాలంటే నరకాలండి," అన్నాడు మేస్త్రి.

నూతి గట్టు మీద కాకి ఒకటి అరిచి ఊరుకుంది.

చివరికి చిదంబరరావు గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. నా వైపు, అంటే లేని చెట్టు మీద లేని మనిషి వైపు, తల ఎత్తకుండానే తన నిర్ణయం చదివి వినిపించారు. సదరు ప్రాంగణమందు వృక్షమేదియు లేదు. కనుక దానిపై చర్య అవసరం లేదు. సదరు బోధకుడు విధులందును, నివాసమందును, ఫొటోయందును కనబడలేదు. కనుక శాశ్వతముగా గైరుహాజరు అయినట్లు భావించడమైనది.

అందరూ వెళ్ళిపోయారు. నా ఉద్యోగం వాళ్ళతో వెళ్ళిపోయింది. నేను వెంటనే దిగలేదు. పైన కాస్త పనుంది, అది చూసుకుని దిగాను.

నా స్థానంలో ఏడుకొండల్ని ప్రధాన బోధకుణ్ణి చేశారు. పాఠం చెబుతూ నిద్రపోతాడు. వినేవాళ్ళూ నిద్రపోతారు. బోధకునికీ అభ్యాసకులకూ ఇంత ఏకాగ్రత కుదిరిన కేంద్రం మరొకటి లేదని పత్రికలో పడింది. భూలక్ష్మికి పట్టా ఇవ్వలేదు, నిలువు ప్రవర్తన కారణంగా. ఇప్పుడు లంకలో తోటలన్నీ ఆమే దింపుతోంది. పట్టా ఉందా అని ఎవరైనా అడిగితే, ఉన్నవాళ్ళను పిలుచుకోమంటుంది. ఎవరూ పిలుచుకోవడం లేదు.

మొన్న మా పెరటి చెట్టు దింపడానికి వచ్చింది. గెలలు వదిలి, కిందికి దిగి, బందం విప్పుకుంటూ అడిగింది.

"మాస్టారండీ, ఆరోజు ఆళ్ళందరూ ఎల్లిపోయాక కూడా మీరు పైనే ఉన్నారు కదా. నేను పాక దగ్గరే ఉన్నానులెండి. మొవ్వులోంచి నుయ్యి, నీళ్ళు అంటూ మాటలు ఇనబడ్డాయి. ఒకసారి అరిచేరు కూడా. తర్వాత నవ్వేరు. పైన ఎవరున్నారండీ? ఎవరితో అంత గొడవ?"

"కాయలు లెక్కపెట్టుకో," అన్నాను.

"సెప్పండి మాస్టారూ. ఇంతకీ ఎవరు గెలిచేరు?"

నేను చెప్పలేదు. ఇంకెప్పుడూ చెప్పను. ఎవరికీ. దయచేసి అడగవద్దు.